ముదురు గులాబీ గోడ: ఊదా తిరగకుండా, చారలు పడకుండా వేసుకోవడం ఎలా

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు నుంచి పాఠకులు పదే పదే అడుగుతున్నది ఒక్కటే. షేడు కార్డులో చూసి ముచ్చటపడి ముదురు గులాబీ రంగు వేయించాం, తీరా గోడ మీద అది వంగపండు రంగులా కనిపిస్తోంది, పైగా రోలర్ చారలు, ఇప్పుడేం చేయాలి అని. రంగు మంచిదే. తప్పు దాదాపు ఎప్పుడూ మూడు చోట్ల జరుగుతుంది. ఆ గది వెలుతురులో రంగు చూడకపోవడం, తెల్ల ప్రైమర్ మీద నేరుగా ముదురు రంగు పెట్టేయడం, ఒక కోటింగ్ పూర్తిగా ఆరకుండానే ఇంకోటి వేయడం. ఈ మూడూ సరిచూసుకుంటే మిగతాది ఓపిక పనే.

ఎప్పుడు మొదలుపెట్టాలి

దసరాకి ఇంటికి రంగులు వేయించాలని అందరికీ ఉంటుంది. కాని ఈ తీరానికి అక్టోబరు నమ్మదగిన నెల కాదు. 2013లో పైలిన్ తుపాను అక్టోబరు 12న గోపాలపురం దగ్గర తీరం దాటింది. 2018లో తిత్లీ అక్టోబరు 11న పలాస దగ్గర దాటి గంజాం, గజపతి జిల్లాలను ముంచేసింది. వానాకాలం నీళ్లు తాగిన గోడకు ఆరడానికి వారాలు పడుతుంది. అందుకే బయటి గోడ ఉన్న గదికి నవంబరు మధ్య నుంచి ఫిబ్రవరి దాకా మంచి అదను. సంక్రాంతిని గడువుగా పెట్టుకుని డిసెంబరులో మొదలుపెట్టండి.

కోరాపుట్, సిమిలిగుడ వంటి ఎత్తు ప్రాంతాల వాళ్లకు మరో చిక్కు ఉంది. చలికాలం రాత్రుళ్లు 10 డిగ్రీల కిందకు దిగితే ఎమల్షన్, అంటే నీళ్లలో కలిసే గోడ రంగు, పొర సరిగ్గా అతుక్కోదు, తర్వాత పొడిలా రాలుతుంది. అక్కడ ఉదయం 10 తర్వాత రోలర్ పట్టి, మధ్యాహ్నం 3కల్లా ఆపేయండి.

కావలసినవి

లెక్క కోసం 12 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు ఉన్న గోడను తీసుకుందాం. ఒక తలుపు, అంటే 21 చదరపు అడుగులు పోగా సుమారు 100 చదరపు అడుగులు. నునుపు గోడ మీద లీటరు ఎమల్షన్ ఒక కోటింగ్‌కు దాదాపు 200 చదరపు అడుగులు వస్తుంది. గరుకు గోడైతే అంత రాదు.

- నీళ్లలో కలిసే ప్రైమర్: 1 లీటరు
- అడుగు కోటింగ్‌కు లేత గులాబీ ఎమల్షన్: 1 లీటరు డబ్బా
- ముదురు గులాబీ ఎమల్షన్: 1 లీటరు డబ్బాలు రెండు. రంగు కలపడానికి చోటు ఉంచాలి కాబట్టి చాలా బేస్ డబ్బాల్లో, అంటే షాపులో షేడు కలపకముందు ఉండే డబ్బాల్లో, అసలు సరుకు 900 మిల్లీలీటర్లే ఉంటుంది. రెండు కోటింగులు పోగా మిగిలింది తర్వాత మరమ్మతులకు పనికొస్తుంది.
- వైట్ సిమెంట్ లప్పం, అంటే షాపులో అడిగే పుట్టీ: గోడంతా రెండు పూతలైతే 10 కిలోలు, పగుళ్లూ గుంటలకు మాత్రమే అయితే 2 కిలోలు
- గరుకు కాగితం: 180 నంబరు, 320 నంబరు, చెరి నాలుగు
- 9 అంగుళాల రోలర్, అంచులకు 2 అంగుళాల బ్రష్, ట్రే, లప్పం రేకు
- మాస్కింగ్ టేప్ ఒక చుట్ట, పాత దుప్పట్లు, టార్చి, ముక్కుకు మాస్కు, కొలతకు ఒక ప్లాస్టిక్ మగ్గు

నాలుగు గోడలూ అనుకుంటే, 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తున్న గదికి రెండు తలుపులు, రెండు కిటికీలు పోగా 366 చదరపు అడుగులు. దానికి లేత గులాబీ 2 లీటర్లు, ముదురుది 4 లీటర్ల డబ్బా ఒకటి, 1 లీటరు డబ్బా ఒకటి.

ఒక గోడా, నాలుగు గోడలా? 10 అడుగుల కన్నా ఇరుకైన పడగ్గదికి ఒక్క గోడ చాలు, అదీ తలగడ వెనక గోడ. మంచం మీద పడుకుంటే అది కళ్లకు ఎదురుగా ఉండదు. వచ్చేపోయేవాళ్లు ఎక్కువసేపు కూర్చోని చోట, అంటే గుమ్మం పక్క నడవ, భోజనాల మూల, మెట్ల గోడ, నాలుగు వైపులా వేసినా బరువనిపించదు. వంటగదిలో పొయ్యి వెనక వద్దు. నూనె మరకలు ముదురు రంగు మీద మెరుస్తూ కనిపిస్తాయి.

1. షేడు పుస్తకంలో కాదు, మీ గదిలో ఎంచుకోండి

ముందు వెచ్చని గులాబీని గుర్తుపట్టాలి. కార్డు పక్కన ఒక కనకాంబరం పువ్వు, ఒక ముదురు కాగితం పువ్వు పెట్టి చూడండి. కనకాంబరం వైపు మొగ్గేది వెచ్చని గులాబీ. కాగితం పువ్వు వైపు మొగ్గితే అందులో నీలం పాలు ఉన్నట్టే, సాయంత్రమయ్యేసరికి అది ఊదా తిరుగుతుంది. బట్టల షాపుల్లో అనే రాణి రంగు ఎక్కువగా ఈ రెండో రకమే.

పట్టుచీర అంచు తెచ్చి "ఇదే రంగు కావాలి" అని అడగడం బరంపురం షాపుల్లో రోజూ చూసేదే. పట్టు మెరుస్తుంది, తిప్పిన కొద్దీ రంగు మారుతుంది. షాపు స్కానర్‌కు అందులో ఏ రంగు పట్టుకోవాలో తెలియదు, గోడకు ఆ మెరుపు రాదు. నూలు గుడ్డ గాని మెరుపు లేని మ్యాట్ కాగితం గాని తీసుకెళ్లండి.

షాపులోనూ, మిస్త్రీతోనూ మాటల్లో రంగు చెప్పకండి. మీరు గులాబీ అంటారు, ఒడియా మిస్త్రీ "గోలాపి" అంటాడు, ఇద్దరి మనసులోనూ ఒకే రంగు ఉందనే భరోసా లేదు. షేడు కోడ్ నంబరు కాగితం మీద రాసి ఇవ్వండి.

తర్వాత రెండు షేడులు, ఒకటి మీరు మెచ్చింది, ఇంకోటి దానికన్నా ఒక మెట్టు తేలికది, చిన్న డబ్బాల్లో కలిపించుకోండి. రెండు అడుగుల అట్టముక్కల మీద రెండేసి కోటింగులు వేసి ఆరనివ్వండి. తడిగా ఉన్నప్పుడు ఎమల్షన్ పాలు కలిపినట్టు లేతగా ఉంటుంది, ఆరాకే అసలు ముదురు బయటపడుతుంది. ఆ అట్టల్ని ఉదయం కిటికీ పక్క, మధ్యాహ్నం లోపలి గోడ మీద, రాత్రి దీపం కింద పెట్టి చూడండి. మెచ్చిన షేడు రాత్రి మరీ గాఢంగా అనిపిస్తే తేలికదే తీసుకోండి. నాలుగు గోడలూ ఒకదాని మీద ఒకటి రంగు విసురుకుంటాయి కాబట్టి గది నిండాక అది ఇంకాస్త ముదురుగానే తోస్తుంది. ఫోను ఫోటో చూసి నిర్ణయించకండి, కెమెరాలు గులాబీని ఉన్నదానికన్నా ఎక్కువ చేసి చూపిస్తాయి.

బరంపురం పాత వీధుల్లో ఇళ్లు వరస గదులుగా ఉంటాయి, మధ్య గదికి కిటికీయే ఉండదు. అక్కడ రంగు చూడాల్సింది దీపం వెలుగులోనే. 6500 కెల్విన్ (బల్బు పెట్టె మీద రాసే వెలుగు రంగు అంకె) తెల్ల బల్బు కింద ఏ గులాబీ అయినా నీలం వైపు జారుతుంది. 2700 నుంచి 3000 కెల్విన్ ఉన్న పసుపు ఛాయ బల్బు పెట్టాకే అట్ట పరీక్ష చేయండి. ఇప్పటికే గోడ ఊదాగా కనిపిస్తోందని బాధపడుతున్నవాళ్లు మళ్లీ రంగు వేయించే ముందు ఒక బల్బు మార్చి చూడండి. చాలా ఇళ్లలో పని అక్కడితో అయిపోతుంది.

2. గోడ తడి ఉందో లేదో తేల్చుకోండి

రెండడుగుల చదరపు ప్లాస్టిక్ కాగితాన్ని గోడకు నాలుగు వైపులా గాలి దూరకుండా టేపు వేసి 24 గంటలు ఉంచండి. లోపలి వైపు నీటి ముత్యాలు పట్టినా, గోడ ఆ మేర ముదురుగా మారినా ఇంకా చెమ్మ ఉన్నట్టే. ఒకచోట నేలకు అడుగు ఎత్తున, ఒకచోట ఛాతీ ఎత్తున, రెండు చోట్లా చూడండి. మిస్త్రీ తొందరపెడితే "కాంథ ఓదా అఛి" (గోడ తడిగా ఉంది) అని అతని భాషలోనే చెప్పి ఆపండి.

తెల్లటి ఉప్పు పొడి తేలిన చోట నీళ్లతో కడగకండి, ఉప్పు మళ్లీ లోపలికే పోతుంది. పొడి బ్రష్‌తో రాల్చేయండి. ఉప్పు వారంలో తిరిగి వస్తే పైపు లీకో, పునాది చెమ్మో ఉంది. దాన్ని బాగుచేయించకుండా పైన ఎంత ఖరీదైన రంగు వేసినా పొరలుగా లేచిపోతుంది. సముద్రం గాలి తగిలే ఇళ్లలో ఇది మరీ ఎక్కువ.

పునాది చెమ్మ ఇప్పట్లో తీరేది కాకపోతే ప్రత్యామ్నాయం ఒకటుంది. కింద మూడు నాలుగు అడుగుల మేర సున్నమే ఉంచి, లేదా టైల్ వేయించి, ఆపైన గులాబీ మొదలుపెట్టండి. పాత ఇళ్ల అంచు పట్టీలా అందంగానే ఉంటుంది.

కొత్తగా సిమెంటు పూత పెట్టిన గోడైతే కనీసం 28 రోజులు ఆగండి. పచ్చి సిమెంటులోని క్షారం గులాబీ రంగు పొడిని తినేస్తుంది, నెలలోపే వెలిసిన మచ్చలు పడతాయి. లేత పసుపో, గోధుమ రంగో అయితే ఈ తొందర కొంత తట్టుకుంటుంది, గులాబీ తట్టుకోదు.

3. గీకడం

అరచేత్తో గోడను గట్టిగా రుద్దండి. తెల్లగా అంటితే అది సున్నం గాని పాత డిస్టెంపర్ గాని. దాని మీద ఎమల్షన్ నిలవదు, ఏడాదిలోపే అప్పడంలా ఊడుతుంది. రేకుతో పూర్తిగా గీకి, తడిగుడ్డతో తుడిచి, రెండు రోజులు ఆరనివ్వండి. పని తగ్గించుకోవాలనిపించేది ఇక్కడే. తగ్గించకండి.

మట్టిగోడ మీద తరతరాల సున్నం ఉన్న ఊరి ఇల్లైతే దాన్ని గీకి ఎమల్షన్ వేయడం కన్నా సున్నంలోనే రంగు కలుపుకోవడం మేలు, ఆ గోడకు ఊపిరి కావాలి. రెడ్ ఆక్సైడ్ పొడి సున్నానికి చెదరదు. దాని బరువు సున్నం బరువులో పదో వంతు మించితే మాత్రం చేతికి అంటుతూనే ఉంటుంది. వచ్చేది ఇటుక గులాబీ, నిగనిగలాడే ముదురు గులాబీ కాదు. సున్నంలో ఆ ముదురు కోసం రంగుల పొడులు కలిపితే వెలిసిపోతాయి.

పాత ఆయిల్ పెయింట్ పొరలున్న తలుపులు, కిటికీలు గరుకు కాగితంతో పొడిగా రుద్దకండి. ఇంటి పెయింట్లలో సీసాన్ని 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90) లోపు ఉంచాలన్న నియమం మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకుముందువాటిలో సీసం ఉండొచ్చు. నీళ్లు చల్లుతూ రుద్దండి, మాస్కు తీయకండి, పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వకండి.

4. లప్పం

పగుళ్లు, మేకు గుంటలు మూసి, ఆరాక పలుచగా రెండో పూత. 180 కాగితంతో రాసి, 320తో నునుపు తేల్చండి. గది చీకటి చేసి టార్చిని గోడకు ఆనించి పక్క నుంచి వెలుగు పడేయండి. ప్రతి గుంటా, ప్రతి గీతా నీడ పడి కనిపిస్తుంది. లేత రంగు చిన్న లోపాల్ని దాచుకుంటుంది, ముదురు గులాబీ దాచుకోదు, అందులోనూ శాటిన్ మెరుపుది అసలు దాచుకోదు. గోడ మరీ నునుపుగా రాకపోతే మ్యాట్ ఎంచుకోండి.

దుమ్ము మొత్తం పొడిగుడ్డతో తుడిచాకే తర్వాతి పని.

5. ప్రైమర్

ఒక కోటింగ్. నీళ్లు డబ్బా మీద రాసినంతే. లప్పం పెట్టిన చోట్లకే ప్రైమర్ రాసి సరిపెట్టకండి, గోడంతా వేయండి. లేకపోతే లప్పం ఉన్న చోట రంగు ఎక్కువ పీల్చుకుని మచ్చలు తేలతాయి.

6. టేపు

స్విచ్ బోర్డు మూత విప్పే ముందు ఎంసీబీ, అంటే కరెంటు ఆపే మీట, దించండి. కప్పు, తలుపు చట్రం, పక్క గోడ మూలల వెంట టేపు వేసి, అంచును వేలితో గట్టిగా అదమండి. టేపు అంచు వెంట ముందు పక్క గోడ రంగే పలుచగా ఒకసారి లాగండి. అది సందుల్ని మూసేస్తుంది, తర్వాత గులాబీ కిందకు పాకదు.

7. లేత గులాబీ అడుగు కోటింగ్

చారలకూ, తెల్ల మచ్చలకూ అసలు మందు ఇది. ముదురు రంగులు కలిపే బేస్‌లో కప్పే శక్తినిచ్చే తెల్లపొడి చాలా తక్కువగా ఉంటుంది. అందుకే ముదురు గులాబీ గాజులా పారదర్శకంగా పడుతుంది. తెల్ల ప్రైమర్ మీద అయితే నాలుగో కోటింగ్‌కు కూడా తెలుపు తొంగిచూస్తుంది. షాపులో అదే కోడ్‌ను తెల్ల బేస్‌లో సగం డోసుతో కలపమని అడగండి. వాళ్లు కుదరదంటే మీ ముదురు రంగులో అదే కంపెనీ తెల్ల ఎమల్షన్ సమపాళ్లలో కలపండి. అప్పుడు ముదురు రంగు కొనేటప్పుడు గోడకు పావు లీటరు అదనంగా లెక్కవేసుకోండి.

దీన్ని వేసి రాత్రంతా ఆరనివ్వండి. డబ్బా మీద నాలుగు గంటలు అని ఉంటుంది, అది పొడిగాలి మాట. గోపాలపురం పక్క తేమగాలిలో నాలుగు గంటలు చాలవు.

8. డబ్బాలన్నీ కలిపేయండి

ముదురు రంగు డబ్బాలు ఎన్ని ఉన్నా మొత్తం ఒకే బక్కెట్లో పోసి అయిదు నిమిషాలు అడుగు నుంచి కలపండి. ఒకే కోడ్ అయినా డబ్బాకు డబ్బాకు కొంచెం తేడా వస్తుంది, ఆ తేడా గోడ మధ్యలో గీతగా తేలుతుంది. నీళ్లు డబ్బా మీద రాసిన పరిమితిలో అతి తక్కువ వైపే ఉంచండి, ప్రతిసారీ అదే మగ్గుతో కొలవండి. కళ్లతో చూసి పోయకండి. పలుచన చేస్తే ఎక్కువ గోడ వస్తుందన్నది నిజమే, కాని ఆ పలుచని రంగుకు ఇంకో కోటింగ్ పడుతుంది.

9. ముదురు కోటింగులు

ఫ్యాన్ ఆపండి. అంచులన్నీ ఒకేసారి బ్రష్‌తో గీసి రోలర్ పట్టకండి. మూడడుగుల మేర అంచు గీయండి, అది తడిగా ఉండగానే రోలర్‌తో అక్కడ నింపండి, తర్వాత మరో మూడడుగులు. కప్పు నుంచి నేల దాకా, ఎడమ నుంచి కుడికి, వేసిన పట్టీ తడి అంచు మీదికి కొత్త పట్టీ రెండంగుళాలు ఎక్కాలి. చివరి లాగుడు ఎప్పుడూ పైనుంచి కిందికే, బరువు వేయకుండా.

మొదలుపెట్టిన గోడను మధ్యలో ఆపకండి. టీకి వెళ్లినా, ఫోను వచ్చినా మూల దాకా పూర్తి చేశాకే. ఆరిన చోట వెనక్కి వచ్చి సర్దబోవడం వల్లే సగం చారలు పడతాయి. ఇద్దరుంటే ఒకరు బ్రష్, ఒకరు రోలర్, మధ్యలో చేతులు మారకండి.

మొదటి కోటింగ్ మచ్చలుగానే ఉంటుంది, భయపడకండి, అదనంగా రుద్దకండి. రాత్రంతా ఆరాక 320 కాగితంతో చాలా తేలిగ్గా ఒక్కసారి తుడిచి, దుమ్ము తీసి, రెండోది వేయండి. టేపును ఆ రెండోది ఇంకా కాస్త పచ్చిగా ఉండగానే ఏటవాలుగా మెల్లిగా లాగేయండి. ఎండిపోయాక లాగితే గులాబీ పొర కూడా దానితో వస్తుంది. అలా అయిపోతే బ్లేడుతో అంచు కోసి తీయండి.

గదిలో ఏం పెట్టాలి

కప్పు తెల్లగానే ఉంచండి, కాని మంచు తెలుపు వద్దు. గులాబీని చూస్తూ ఉన్న కన్ను పక్కకు తిరిగితే తెలుపు ఆకుపచ్చగా తోస్తుంది. కొద్దిగా మీగడ కలిసిన తెలుపైతే ఆ ఇబ్బంది తగ్గుతుంది. రెడ్ ఆక్సైడ్ గచ్చు ఉన్న ఇళ్లకు కనకాంబరం వైపు గులాబీ చక్కగా నప్పుతుంది, నీలం పాలున్నది గచ్చుతో పోట్లాడుతుంది. పాత ఆకుపచ్చ తలుపులు మార్చనక్కరలేదు, గులాబీ పక్కన అవి బాగుంటాయి.

గోడ మీద వస్తువులు తక్కువగా. గజపతి, రాయగడ కొండల్లో సవరలు ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండి తెలుపుతో ఇడితాల్ బొమ్మలు వేస్తారు. వెచ్చని గోడ మీద సన్నని తెలుపు ఎంత నిలుస్తుందో అక్కడ చూడొచ్చు. అవి వాళ్ల పూజకు చెందినవి కాబట్టి నకలు వేయించకండి, ఆ పొదుపు నేర్చుకుంటే చాలు. బెళ్లగుంఠ ఇత్తడి చేప, పర్లాకిమిడి నల్లని కొమ్ము బొమ్మ, ఒక తెల్ల అర. ఇంతకన్నా ఎక్కువ అవసరం పడదు.

పడమటి కిటికీ ఎండ నేరుగా పడే గోడకు తెర తప్పనిసరి. గులాబీ ఎండకు త్వరగా వెలుస్తుంది, ఫోటో చట్రం తీసినరోజు ఆ తేడా తెలుస్తుంది.

తప్పు జరిగితే

చారలు తేలాయంటే మచ్చ వరకే సర్దకండి. మొత్తం గోడను 320తో తేలిగ్గా రాసి, మూల నుంచి మూల దాకా ఇంకో కోటింగ్ వేయాలి.

రంగు చేతికి అంటుతోందా? వారం లోపైతే ఇంకా పండలేదు, ఆగండి. నెల దాటినా అంటుతుంటే నీళ్లు ఎక్కువ పోశారు, లేదా చలిలో వేశారు. పైన అదే కంపెనీ పారదర్శక మ్యాట్ పూత దొరికితే ఒకటి వేయొచ్చు, లేదా మళ్లీ ఒక ముదురు కోటింగ్.

బుడగలు లేచాయంటే చెమ్మ. గీకి, రెండో అంచెకు వెళ్లి, కారణం వెతకండి. మరో దారి లేదు.

మరీ ఘాటుగా ఉందనిపిస్తే వారం ఆగండి, కన్ను అలవాటు పడుతుంది. అప్పటికీ బరువుగా ఉంటే ఎదుటి గోడ ఒక్కటే మీగడ తెలుపు చేయండి, గది తేలికవుతుంది.

సరిగ్గా వచ్చిందా, ఎలా చూసుకోవాలి

రెండు రోజుల తర్వాత మూడు సార్లు చూడండి: పొద్దున ఎండలో, మధ్యాహ్నం తలుపులు తీసి, రాత్రి దీపం వేసి. గుమ్మంలో నిలబడి చూడండి, గోడకు ముక్కు ఆనించి కాదు. ఆపైన టార్చిని పక్క నుంచి వేస్తే రోలర్ అచ్చు అంతటా ఒకేలా కనిపించాలి. మూడు వారాలయ్యాక తడి తెల్లగుడ్డతో తలుపు వెనక ఒక మూల మెల్లగా రుద్దండి. గుడ్డ తెల్లగా ఉంటే పొర పండింది, ఇక తుడుచుకోవచ్చు. అప్పటిదాకా సబ్బునీళ్లు తగలనివ్వకండి, మంచం తలకట్టు గోడకు ఆనకుండా నాలుగు వేళ్ల దూరం జరిపి ఉంచండి.

మిగిలిన రంగును మూత బిగుతుగా ఉండే చిన్న సీసాలో నిండుగా పోసి, పైన కోడ్, కంపెనీ, తేదీ, ఎన్ని మగ్గుల రంగుకు ఎన్ని నీళ్లు కలిపారో రాసి అతికించండి. తర్వాత ఎప్పుడైనా గీత పడితే అదే రంగు, అవే పాళ్లలో, చిన్న స్పాంజి ముక్కతో అద్దండి. బ్రష్‌తో లాగితే ఆ మచ్చ వేరుగా మెరుస్తుంది.